ఆయన గొంతున్న టాబ్లెట్

నర్సు ఉద్యోగానికి కొత్తగా దోహా వచ్చిన మన అమ్మాయిలు అప్పుడప్పుడు సెలవు పూట మా ఇంటికి వస్తుంటారు. రిటైరయ్యాక అల్ అజీజియాలో మా అమ్మాయి వాళ్ళతోనే ఉంటున్నాను. పులిహోర పెడితే తింటారు, టీ తాగుతారు, చివర్లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఆంటీ, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" ఆగిపోయిన గుండెను నేను గుద్ది గుద్ది మళ్ళీ కొట్టుకునేలా చేసిన కథ వినాలని ఉంటుంది వాళ్ళకి. అలాంటివీ ఉన్నాయి, లేవనను. కానీ అలా అడగ్గానే నాకు గుర్తొచ్చేది మటుకు రెండు టాబ్లెట్ల గొడవ. మింగేవి కాదు, చేతిలో పట్టుకుని వేలితో నొక్కేవి.

"ఇదేం కేసు ఆంటీ!" అని మూతి ముడుస్తారు. ముడుచుకోనీయండి. నా కేసు, నా ఇష్టం.

నేను చివరగా పనిచేసింది పక్షవాతం వచ్చినవాళ్ళని కోలుకునేలా చేసే వార్డులో. అక్కడ మందులకన్నా ఓపికతో ఎక్కువ పని. నాకేమో ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. మాది కృష్ణా జిల్లా, నాలుగు గదులకి వినపడేలా మాట్లాడితేగాని మాట్లాడినట్టుండదు. మాట పోయినవాళ్ళ మధ్యకి నన్నెందుకు వేశారో ఆ పైవాళ్ళకే తెలియాలి.

ఒకరోజు ఒక షట్టరింగ్ ఫోర్‌మన్‌ని తీసుకొచ్చారు. జగిత్యాల వైపు పల్లెటూరాయన. వెస్ట్ బేలో టవర్ పని మీద ఉండగా పడిపోతే, పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టి మా దగ్గరికి పంపారు. కుడిచెయ్యి, కుడికాలు సరిగ్గా కదలవు. మనం చెప్పిందంతా అర్థమవుతుంది, జోకేస్తే మీసాల చాటున నవ్వుతాడు కూడా. కానీ తను అనాలనుకున్న మాట నోటికి రాదు. చదవడం, రాయడం కూడా అలాగే చెదిరిపోయాయి. ఇలాంటివాళ్ళకి ఒక్కోసారి ఒకే ఒక్క మాట మిగులుతుంది, దేనికైనా అదే బయటికొస్తుంది. ఈయనకి మిగిలిన మాట "యల్లా". సైటు మీద పొద్దస్తమానం పనివాళ్ళని "పదండి, కానీయండి" అని తోలే అరబ్బీ మాట అది.

"అన్నం తింటావా నాయనా?" అంటే "యల్లా".

"బాత్రూమ్‌కి వెళ్తావా?" అన్నా "యల్లా".

"మీ ఆవిడ ఫోన్ చేసిందయ్యా" అంటే మటుకు మెల్లిగా, గోడవైపు తిరిగి, "యల్లా..." అనేవాడు. వినలేకపోయేదాన్ని.

ఆయన్ని చూడ్డానికి రోజూ వచ్చే మనిషి ఒకడే. జగిత్యాల టౌను ముస్లిం, గడ్డం నెరుస్తున్న మనిషి, అల్ దోహా అల్ జదీదాలో ఒక మొబైల్ షాపులో పని. ఇద్దరూ మొదటిసారి ఖతర్‌కి ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో కూచుని వచ్చారట. అప్పట్నించి ఈయన "అన్న", ఊళ్ళో ఉన్న ఈయన భార్య "వదిన". మాతో చక్కగా తెలుగు మాట్లాడేవాడు, కంగారొస్తే మటుకు దక్కనీ ఉర్దూలో దేవుణ్ణి తలుచుకునేవాడు.

మా వార్డులో మాట నేర్పే థెరపిస్టు ఒక లెబనాన్ అమ్మాయి. వయసులో నాకన్నా చాలా చిన్నది, బుద్ధిలో కాదు. ఆ అమ్మాయి ఒకరోజు నన్నూ మొబైల్ షాపాయన్నీ కూచోబెట్టి చెప్పింది. ఈయనకి మాట వస్తే మెల్లిగా వస్తుంది, రాకపోనూవచ్చు. త్వరలో ఇంటికి పంపేస్తారు. ఈలోగా బొమ్మ నొక్కితే మాట పలికే టాబ్లెట్ ఒకటి అలవాటు చేద్దాం, అక్కడ అదే ఆయన నోరు. కంపెనీ వాళ్ళు ఒకటి కొనిస్తామన్నారు. ఒక్కటే.

ఏది కొనిపించాలన్న దగ్గర మొదలైంది మా గొడవ. షాపు యజమానిని బతిమాలి, చూసి ఇచ్చేస్తామని మన మొబైల్ షాపాయన రెండు పట్టుకొచ్చాడు. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. కంపెనీల పేర్లు ఎందుకు లెండి, ఈ వయసులో నేనెవరికీ ప్రచారం చేయదల్చుకోలేదు.

"రెండూ ఒకటే కదయ్యా, చౌకది తీసుకుంటే సరి" అన్నాను నేను.

"ఒకటేంది సిస్టరమ్మా! దీని సిస్టమ్ వేరే, దాని సిస్టమ్ వేరే. దీంట్ల ఎక్కిన ప్రోగ్రామ్ దాంట్ల ఎక్కది. లారీ చక్రం తీస్కపోయి ఆటోకు బిగిస్తమా?"

తెల్లదాంట్లో ఉన్న ప్రోగ్రామ్ థెరపిస్టుకి బాగా అలవాటైంది. తెర నిండా ఖాళీ గళ్ళుంటాయి. ఏ గడిలో ఏ బొమ్మ ఉండాలో, నొక్కితే ఏ గొంతు పలకాలో మనమే పెట్టుకోవాలి. దానంతట అది పలికేది ఇంగ్లీషు, అరబ్బీ. తెలుగు రాదు. నల్లదాంట్లో ఉన్న ప్రోగ్రామ్‌కి తెలుగు వచ్చు. గళ్ళన్నీ తయారుగా నింపి ఉంటాయి, మనం మార్చడానికి మటుకు లేదు.

తెలుగొచ్చినదాన్ని వదిలి ఇంకోటెందుకని ముందు నల్లదాన్నే ఆయన ముందు పెట్టాం. నీళ్ళ గ్లాసు బొమ్మ మీద ఆయన ఎడంచేతి వేలు పెట్టి నొక్కించాను.

"నాకు దాహముగా ఉన్నది. దయచేసి మంచినీరు ఇవ్వండి" అంది టాబ్లెట్, ఖంగుమనే ఆడగొంతుతో.

మొబైల్ షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదేంది సిస్టరమ్మా, రేడియోల వార్తలు చదివినట్టు! మా అన్న గిట్ల మాట్లాడితె ఊళ్ళె కుక్కలు గూడ మొరుగుతయ్. మీకు మంచిగనే ఉంటది, మీ దిక్కు భాష."

"మా దిక్కు కుక్కలు కూడా మొరుగుతాయిలేవయ్యా. ఇలా మా ఊళ్ళో ఎవడు మాట్లాడతాడు?" అన్నాను.

ఆయన మటుకు నవ్వలేదు. అంత మీసాలున్న మనిషి, తన వేలి కిందనించి ఆడగొంతు వచ్చేసరికి సిగ్గుపడిపోయి దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అలాగే పడుకుండిపోయాడు. నల్లదాని పని అయిపోయిందనుకున్నాం.

ఆ తర్వాత వచ్చిన ఆలోచన మొబైల్ షాపాయనది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్యాంపుల్లో ఉండేవాళ్ళు ఇంటికి ఉత్తరం రాయరు, మెసేజ్ టైపు చేయరు. డ్యూటీకి వెళ్ళే బస్సులో కూచునో, అన్నం డబ్బా మూత తీస్తూనో, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజ్ పంపుతారు. అక్కడ ఆవిడ బీడీలు చుట్టుకుంటూ వింటుంది, చేతులు ఖాళీ అయినప్పుడు తనూ ఒకటి పంపుతుంది. సంసారాలన్నీ అలాగే నడుస్తాయి. మన ఫోర్‌మన్ భార్య ఆ మెసేజ్‌లు ఒక్కటీ తీసేయలేదు. ఫోన్ నిండిపోతే ఆడబిడ్డ కూతురి పెళ్ళి ఫోటోలు తీసేసింది గానీ ఇవి ముట్టుకోలేదట. ఆడబిడ్డకి ఇంకా కోపం.

"గా మెసేజ్‌లు వదిన పంపితే, అన్న మాటలు ఒక్కొక్కటి కోసి ఈ తెల్లదాని గళ్ళల్ల పెడుత. అన్న గొంతు అన్నకే ఇద్దాం" అన్నాడు.

షాపులో గిరాకీ లేనప్పుడల్లా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కోశాడు. 'నీళ్ళు మంచిగ తాగు, ఎండలు కొడుతున్నయ్' అన్న మెసేజ్‌లోంచి 'నీళ్ళు'. 'తిన్నవా', 'ఇటు రా', 'వద్దు', 'పిల్లలేరి', 'మంచిగున్న', 'పైలం'. పైలం అంటే వాళ్ళ వైపు జాగ్రత్త.

తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టిన రోజు వార్డులో నేనున్నాను. ఆయన వేలితో నీళ్ళ బొమ్మ నొక్కాడు. "నీళ్ళు" అంది ఆయన గొంతు. తలెత్తి ఎవరన్నారా అని తలుపు వైపు చూశాడు. మళ్ళీ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంక ఆగలేదు, 'ఇటు రా', 'తిన్నవా', 'పైలం', ఒకదాని మీద ఒకటి నొక్కుతూ, "యల్లా! యల్లా!" అని ఏడుస్తూ నవ్వాడు. థెరపిస్టు ముక్కు తుడుచుకుంది. నేను పక్క బెడ్డు దుప్పటి అవసరం లేకపోయినా మడతపెట్టాను. అన్నేళ్ళ సర్వీసులో నాకంత సంతోషం ఎన్నిసార్లు కలిగిందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"ఇంకా ఏం చూస్తారు, తెల్లదే కొనిపించండి" అని నేనే తీర్పిచ్చేశాను. నా తీర్పులు అలాగే ఉంటాయి, గబగబా.

కొనేముందు ఉన్న గళ్ళన్నీ నింపుదామంది థెరపిస్టు. ఆకలి, నిద్ర, ఫ్యాను, చలి. ఎలాగో దొరికాయి. నొప్పి దగ్గర ఆగిపోయింది పని. మొబైల్ షాపాయన మెసేజ్‌లన్నీ మళ్ళీ మొదటినించి విని, వాడిపోయిన మొహంతో వచ్చాడు.

"నొస్తందన్న మాట ఒక్కటి లేదు సిస్టరమ్మా. కాలు మీద పలక పడ్డప్పుడు నేనే దవఖానకు తీస్కపోయిన, నాకెర్కే. గా దినం పంపిన మెసేజ్ గూడ ఇన్న. 'మంచిగున్న, డ్యూటీ నడుస్తంది, నువ్వు పైలం' అన్నడు."

"మీ మగాళ్ళందరూ ఇంతేనా?"

"మేం గూడ గంతే. గంత దూరం ఉన్నోళ్ళకు చెప్పి ఏం జేస్తం? ఆళ్ళకు నిద్ర పట్టది, మనకు నొప్పి తగ్గది."

మా అమ్మకి నేను రాసిన ఉత్తరాలు కూడా అలాంటివే. సరే, ఆ ఒక్క మాటా నీ గొంతుతో పెట్టవయ్యా అన్నాను. ఎగిరి అవతల పడ్డాడు.

"తోబా తోబా! అన్న ఇంట్ల, వదినతోని, నా గొంతు 'నొస్తంది, జర ఇటు రా' అంటదా? ఊళ్ళె ఏమనుకుంటరు సిస్టరమ్మా! రేపు నేను వదిన మొకం ఎట్ల జూడాలె?"

అతను అంటుంటే నాకూ నవ్వొచ్చింది. పోనీ, నల్లదాని ఆడగొంతుని రికార్డు చేసి ఆ ఒక్క గడిలో పెడదామని థెరపిస్టు మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆయన ఎడంచెయ్యి తెరకి అడ్డం పెట్టాడు. తల అడ్డంగా ఊపాడు. గొంతు ఎవరిదన్నది కాదు. ఆ గడే వద్దట.

ఇది చిన్న విషయం కాదమ్మాయిలూ, వినండి. పక్షవాతం వచ్చినవాళ్ళ భుజం కీలు వదులైపోయి వేలాడుతుంది. తెలియనివాళ్ళు లేపడానికి ఆ చెయ్యి పట్టుకుని లాగితే కీలు పాడవుతుంది, ఇక జన్మంతా బాధే. మేము వార్డులో జాగ్రత్తగా పట్టుకుంటాం. ఇంటి దగ్గర పట్టుకునేది ఆవిడ ఒక్కతే. లాగిన క్షణంలో 'ఆగు, నొస్తంది' అని ఆయన అనాలి. అనకపోతే ఆవిడ చేత్తోనే ఆయన చెయ్యి చెడిపోతుంది.

మర్నాడు పొద్దున చొక్కా తొడుగుతున్నాను. ఎంత మెల్లిగా తొడిగినా ఒకచోట ఆయన పెదవి కరుచుకున్నాడు, నుదుటి మీద చెమట పట్టింది.

"నొప్పా నాయనా?" అన్నాను.

ఎడంచేత్తో తెల్ల టాబ్లెట్‌ని దగ్గరికి లాక్కుని నొక్కాడు. "మంచిగున్న" అంది ఆయన గొంతు.

"నా మొహం చూసి చెప్పు. నొప్పా కాదా?"

"మంచిగున్న. పైలం. మంచిగున్న."

ఒళ్ళు మండిపోయింది నాకు. "నీ మంచి తగలెయ్య! చెమటలు కారుతుంటే మంచేంటయ్యా!" అని వార్డంతా వినపడేలా అరిచాను. అరిచి, మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. నేను మురిసిపోయి తీర్పిచ్చిన టాబ్లెట్ ఆయనకి గొంతయితే తిరిగిచ్చింది గానీ, ఆ గొంతుకి బాధ చెప్పుకోవడం ఎప్పుడూ అలవాటు లేదు.

వారం మొదట్లో కంపెనీ మనిషి వచ్చి ఏది కొనాలో కనుక్కుని వెళ్తాడన్నారు. శుక్రవారం నమాజు అయ్యాక మొబైల్ షాపాయన వచ్చాడు, థెరపిస్టు తన సెలవు మానుకుని వచ్చింది. నేను నల్లదే కొనాలని పట్టు. ఫోర్‌మనేమో తెల్లదాన్ని గుండెకి ఆనించుకుని వదలడు. రోగి ఎంచుకున్నదాన్ని కాదనే హక్కు మనకి లేదు సిస్టర్, అంది థెరపిస్టు. హక్కు సంగతి నాకు తెలీదు, భుజం సంగతి తెలుసు, అన్నాను నేను. మాటా మాటా పెరిగింది. చివరికి ఆ అమ్మాయే ఆగి, "ఆ టాబ్లెట్‌తో కాపురం చేయాల్సింది ఇద్దరు కదా. రెండో మనిషిని మనమెవరం అడగలేదు" అంది.

నిజమే. మెసేజ్‌లు పంపమని అడిగాం గానీ, నీకేది కావాలమ్మా అని ఎవరం అడగలేదు.

మొబైల్ షాపాయన తన ఫోన్లో వీడియో కలిపి ఆయన ముందు నిలబెట్టాడు. ఆవిడ ఇంటి ముందు గచ్చు మీద కూచునుంది, ఒళ్ళో బీడీల చాట. ముందు తెల్లదాన్ని వినిపించాం. ఒక్కో మాటా వింటూ, "గిది పోచమ్మ బోనాలప్పుడు పంపింది... గిది పిల్లగాడు పది పాసైనప్పుడు..." అని చెప్పుకుంటూ పోయింది. ఏ మాట ఏ మెసేజ్‌లోంచి కోశామో ఆవిడకి మాకన్నా బాగా తెలుసు. తర్వాత నల్లదాన్ని నొక్కాం. ఆ ఆడగొంతు విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదెవతయ్యా నీ నోట్ల? దుబాయ్ల ఎవతినన్న తెచ్చుకున్నవా ఏంది?"

వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ ఏదైనా దుబాయే. వార్డంతా నవ్వాం. ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే నేను అసలు విషయం చెప్పాను, భుజం గురించి, ఆయన మెసేజ్‌లలో ఎక్కడా దొరకని మాట గురించి, తెల్లదాంట్లో ఆయన పెట్టనివ్వని గడి గురించి. నల్లదాంట్లో నొప్పి బొమ్మ తయారుగా ఉందమ్మా, ఎవరు వద్దన్నా తీయడానికి లేదు అన్నాను.

ఆవిడ చాట పక్కన పెట్టింది.

"సిస్టరమ్మా, ఆయన గొంతు నా ఫోన్ల ఉన్నది. ఎవలు తీస్కపోతరు? యాదికొస్తే ఇనుకుంట. మంచిగున్న, మంచిగున్న... గదే ఇనుకుంట ఇన్నేండ్లు ఎల్లదీసిన. గది అబద్ధమని నాకు తెల్వదా? ఇగ నాకద్దు గా మాట. నొస్తే నొస్తందని చెప్పేదాన్నే పంపుండ్రి. ఆడగొంతైతే ఆడగొంతే."

ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. "యల్లా, యల్లా" అని కసురుతూ ఫోన్ని తోసేయబోయాడు. మొబైల్ షాపాయన పట్టుకున్నాడు.

"ఏందయ్యా, నా దిక్కు జూడు" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అప్పుడంటె దూరమున్నవ్. ఇప్పుడు నా కాడికే వస్తున్నవ్ గద. ఇప్పుడు గూడ చెప్పవా? నాకు గూడ చెప్పవా?"

మేము ముగ్గురం మూడు వైపులకి చూశాం. ఆయన మెల్లిగా తెల్లదాన్ని గుండె మీదనించి తీసి పరుపు మీద పెట్టాడు. నల్లదాన్ని ఒళ్ళోకి లాక్కున్నాడు. వేలు గళ్ళ మీద తిరిగి తిరిగి, కళ్ళు మూసుకుని ఏడుస్తున్న మొహం బొమ్మ దగ్గర ఆగింది.

"నాకు నొప్పిగా ఉన్నది" అంది టాబ్లెట్, వార్తలు చదివినట్టు. ఎవరం నవ్వలేదు.

"ఏడ?" అంది ఆవిడ.

తెర మీదికి మనిషి బొమ్మ వచ్చింది. ఆయన భుజం నొక్కాడు. "కుడి భుజము."

"ఎప్పటి సంది?"

టాబ్లెట్ మూడు గళ్ళు చూపించి, ఒక్కోటీ పైకి చదివింది: ఈ రోజు, నిన్న, గత వారము. ఆయన వేలు మొదటిదాని మీదికి వెళ్ళింది, రెండోదాని మీదికి వెళ్ళింది, మూడోదాని మీద కాసేపు ఆగింది. ఏదీ నొక్కకుండా పైకి లేచింది. తలెత్తి ఆవిడ వైపు చూశాడు. ఆ కళ్ళల్లో నీళ్ళు దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

ఆవిడ కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది, అక్కణ్ణించి ఆయన మొహమే తుడుస్తున్నట్టు.

"సరే తియ్యి" అంది. "ఇంటికొచ్చినంక మెల్లగ చెప్దువు. నువ్వు చెప్పేదంత నేనింట."